సిద్ధాంతగ్రంథము: బీరువా నుండి బహిరంగమునకు



పిహెచ్.డి. యను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. "మా మనుమరాలు అనంతపురమున రీసెర్చి చేయుచున్నది", "మా అన్న కొడుకు థీసిసు ఇంకను ముగియలేదు" అని రచ్చకట్టమీద చెప్పుకొనుచునే యున్నాము. చిత్రావతి యొడ్డున మన పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ 1981 నుండి విశ్వవిద్యాలయ హోదాతో నడచుచున్నది. ఆ యేడే అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వెలసినది. 2008లో సాంకేతిక విశ్వవిద్యాలయము వేరుగా ఏర్పడినది. వానలు లేక వేరుసెనగ పండని యేట గూడ మన సీమలో సిద్ధాంతగ్రంథములు పండుచునే యున్నవి.

సిద్ధాంతగ్రంథమనగా ఒక విషయమును గూర్చి విద్యార్థి కొన్నియేండ్లు శ్రమించి, తాను స్వయముగా కనుగొన్నదానిని వ్రాసి, పండితులగు పరీక్షకుల కొప్పగించు గ్రంథము. నిన్నమొన్నటివరకు దానిని నాలుగైదు ప్రతులు టైపు చేయించి, కాలికో అట్ట కట్టించి, బంగారు రంగు అక్షరములు అద్దించి, విశ్వవిద్యాలయమున సమర్పించెడివారు. గ్రంథము వ్రాసినవానికి పట్టము వచ్చెడిది. గ్రంథమునకు బీరువా వచ్చెడిది. ఇప్పుడట్లు కాదు. కంప్యూటరులోని ప్రతినే సమర్పింపవలెను. అది లోకమంతయు చూచునట్లు ఇంటర్నెట్టునందు నిలుచును. ఈ మార్పువలన వ్రాసినవానికి కలిగిన రక్షణ యేమి, భయమేమి, వాని మీద పడిన క్రొత్త బాధ్యత యేమి యనునది నేటి ప్రసంగమునకు విషయము. ఆ బాధ్యతలో ఒక పాలు మనకును సంబంధించినదే గనుక పెద్దలు కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

పరుల వ్రాతను తనదని చెప్పుకొనుట నిన్న పుట్టిన దోషము కాదు. మన పూర్వకవులు ప్రతి ఆశ్వాసము చివరను గద్య యొకటి వ్రాసి, అందు తమ తండ్రి పేరును, తమ పేరును, గ్రంథము పేరును పొందుపరచెడివారు. కావ్యమును దొంగిలింపగోరువాడు ఆ గద్యలన్నిటిని మార్చినగాని పని జరుగదు. తాటియాకుల కాలమున అదియే సంతకము, అదియే ముద్ర. పదవ శతాబ్ది ప్రారంభమునాటి రాజశేఖరుడు తన కావ్యమీమాంసయందు శబ్దహరణమును, అర్థహరణమును వేరువేరు అధ్యాయములలో శాస్త్రముగా చర్చించెను. ఒకని భావము మరియొకని రచనలో కనిపించు తీరులను విభజించుచు, వానిలో మొదటిదానికి ప్రతిబింబకల్పమని పేరు పెట్టెను. అర్థమంతయు పరునిదే, మాటల కూర్పు మాత్రము వేరు, అద్దములోని నీడవంటిది. అట్టిదానిని విడువవలెనని యాతడు తేల్చెను. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఇక పరీక్షకు సమర్పించిన గ్రంథమును గూర్చి మన దేశమున జరిగిన ప్రసిద్ధమైన వివాదమొకటి చెప్పెదను. అందలి యొక పక్షమువారు తెలుగువారికందరికిని పూజ్యులు. మన అనంతపురమునకు సంబంధము కలవారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1916 ప్రాంతమున అనంతపురపు దత్తమండల కళాశాలలో కొంతకాలము తత్త్వశాస్త్రము చెప్పిరి. పిమ్మట రాజమహేంద్రవరము, మైసూరు మీదుగా 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠమెక్కిరి. ఆ కలకత్తాలో జదునాథ సిన్హా యను యువకుడు ప్రేమచంద్ రాయచంద్ విద్యార్థివేతనము కొరకు, భారతీయ దర్శనములలో ప్రత్యక్షజ్ఞానమును గూర్చి పెద్ద పరిశోధనగ్రంథము వ్రాసి సమర్పించెను. దానిని పరీక్షించినవారిలో రాధాకృష్ణన్ గారొకరు. 1927లో వారి 'ఇండియన్ ఫిలాసఫీ' రెండవ సంపుటము లండనులో అచ్చుపడినది. దానిని చదివిన సిన్హా, అందలి కొన్ని భాగములు తన పరిశోధనగ్రంథమునుండి తీసికొన్నవేయని ఆరోపించెను. 1929లో మోడరన్ రివ్యూ పత్రికలో ఉత్తరములు ప్రకటించెను. రాధాకృష్ణన్ గారు ఆ పత్రికలోనే బదులు వ్రాసిరి. ఇరువురును ఒకే సంస్కృతగ్రంథములను ఆంగ్లమున అనువదించినపుడు మాటలు కలియుట వింత కాదనియు, తమ వ్రాతప్రతి అచ్చుకు చాల ముందే సిద్ధమై యుండెననియు వారి సమాధానము.

వ్యవహారము అంతటితో ఆగలేదు. 1929లోనే సిన్హా 20,000 రూపాయల నష్టపరిహారము కోరుచు న్యాయస్థానమున దావా వేసెను. రాధాకృష్ణన్ గారు సిన్హా మీదను, పత్రికాసంపాదకుడగు రామానంద చటర్జీ మీదను 1,00,000 రూపాయలకు పరువునష్టపు దావా వేసిరి. 1933లో ఉభయులును న్యాయస్థానము వెలుపలనే రాజీపడిరి. ఆ షరతులు బయటికి రాలేదు. అప్పటికి రాధాకృష్ణన్ గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. మరుసటి యేడు, అనగా 1934లో, సిన్హా గ్రంథము లండనులో అచ్చయినది.

ఇందు తప్పెవరిదో న్యాయాధిపతి తీర్పు చెప్పలేదు. న్యాయస్థానము చెప్పని తీర్పు చెప్పుటకు నేనెవడను? నేను చూపదలచినది వేరు. ఆ వివాదము అంత దూరము పోవుటకు కారణమేమి? సిన్హా వ్రాసిన గ్రంథములో పెక్కుభాగము అప్పటికి అచ్చుపడలేదు. దానిని చూచినవారు పరీక్షకులు కొందరు మాత్రమే. ఎవరు ముందు, ఎవరు వెనుక అని పోల్చిచూచుటకు లోకమునకు సాధనము లేదు. అదే ఆ గ్రంథము సమర్పించిననాడే తేదీతో సహా అందరకును అందుబాటులో నుండియున్నచో? చదువరులు రెండును ప్రక్కప్రక్కన పెట్టుకొని ఒక్క సాయంకాలములో తేల్చుకొనియుందురు. సిన్హా పలికినది నిజమైనచో ఆ నిజము నిలిచెడిది. రాధాకృష్ణన్ గారు పలికినది నిజమైనచో అంతటి పెద్దమనిషికి నాలుగేండ్లు నింద మోయవలసిన యవస్థ తప్పెడిది. బీరువా తాళము ఇరువురలో ఎవరిని కాపాడినది?

బహిరంగముగా అచ్చుపడుటవలని లాభమునకు మరియొక నిదర్శనము మన అనంతపురములోనే యున్నది. అదే దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారి 'ఆంధ్రభాషాచరిత్రము' 1937లో రెండు సంపుటములుగా ఆంధ్ర విశ్వవిద్యాలయము వారిచే ప్రకటితమైనది. 1856లో కాల్డ్వెల్లు చెప్పిన ద్రావిడభాషాకుటుంబ సిద్ధాంతమును వారంగీకరింపలేదు; తెలుగు ప్రాకృతములనుండి పుట్టినదని వాదించిరి. భాషాశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు ఆ వాదమును నిరాకరించిరి. నిరాకరించినను, అందు వారు కూర్చిన శాసనభాషా సామగ్రిని నేటికిని వాడుకొనుచునే యున్నారు. గ్రంథము కనబడినది గనుక ఖండనము సాధ్యమైనది, ఉపయోగమును సాధ్యమైనది.

ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేసిన మొదటి విశ్వవిద్యాలయము అమెరికాలోని వర్జీనియా టెక్. అది 1997లో జరిగినది. మన దేశమున విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా యు.జి.సి., 2009లో నియమము చేసినది. పట్టమిచ్చిన పిమ్మట ముప్పది దినములలో గ్రంథము యొక్క కంప్యూటరు ప్రతిని పంపవలెనని అందలి నిబంధన. ఆ ప్రతులను గుజరాతులోని గాంధీనగరమునందున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము వారు 'శోధగంగ' యను పేర భద్రపరచి, ఎవరు కోరినను ఉచితముగా చదువుకొనునట్లు ఏర్పాటు చేసిరి. నేడందు ఐదులక్షలకు మించి సిద్ధాంతగ్రంథములున్నవి. మన పల్లెలో కుఱ్ఱవాడొకడు చేతిలోని ఫోనుతో, కాశీలోనో కలకత్తాలోనో వ్రాసిన గ్రంథమును చెట్టుక్రింద కూర్చుండి తెఱవగలడు. తంజావూరు సరస్వతీమహలులో ఒక తాళపత్రము చూచుటకు మా గురువుల కాలపువారు ఎన్ని రైళ్లు మారిరో తలచుకొన్నచో ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే తలుపు తెఱచినచో గాలియు వచ్చును, దొంగయు వచ్చును. అందరకును కనబడు గ్రంథమునుండి నకలు తీయుటయు సులభమే. దీనికి విరుగుడుగా యు.జి.సి. 2018లో గ్రంథచౌర్యనివారణకు నిబంధనలు చేసినది. కంప్యూటరు పాత గ్రంథములతో క్రొత్తదానిని పోల్చి, నూటికి ఇంత పాలు కలియుచున్నదని చెప్పును. పదివరకు దండన లేదు. పది దాటి నలుబదివరకైనచో ఆరునెలలలోపల దిద్ది మరల సమర్పింపవలెను. నలుబది దాటి అరువదివరకైనచో ఒక యేడు సమర్పణకు వీలులేదు. అరువది దాటినచో పేరే కొట్టివేయుదురు. ఆధారము చూపి ఉదాహరించిన భాగములు లెక్కలోనికి రావు. అందరకు తెలిసిన సామాన్యవిషయములలోను, యాదృచ్ఛికముగాను వరుసగా పదునాలుగు మాటలవరకు కలిసినను దోషము కాదన్నారు. (తెలుగు సమాసములు చూచినచో పదునాలుగు మాటలలో ఎంత సరకు పట్టునో ఈ నిబంధన వ్రాసినవారికి తోచియుండదు!)

ఈ లెక్క మంచిదే. కాని యంత్రము లెక్కించునది అక్షరములను. రాజశేఖరుడు విడువుమన్న ప్రతిబింబకల్పము దానికి చిక్కునా? మాటలన్నిటిని మార్చి భావమంతయు పరునిదే యుంచినవాడు సున్నకు సున్న తెచ్చుకొని చిరునవ్వుతో బయటపడును. నిజముగా శ్రమించి శాసనపాఠములను, పాతపద్యములను ఉన్నవున్నట్లు ఎత్తివ్రాసి గుర్తులు సరిగా పెట్టనేరని అమాయకుడు పట్టుబడును. నేను నలుబది యేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను. పిల్లల వ్యాసములలో నకలు పట్టుకొనుటకు నేను ఒప్పులను చూడలేదు, తప్పులను చూచితిని. ఇరువురు పిల్లలు ఒకే ఒప్పు వ్రాయుట సహజము. ఒకే తప్పు ఒకేచోట వ్రాసిరనగా ఒకడు మరియొకని పలక చూచినాడన్నమాటే. తాళపత్రప్రతులను పరిష్కరించు పండితులును ఏ ప్రతికి ఏది మాతృకయో తప్పులనుబట్టియే తేల్తురు. ఈ పని చేయవలసినవాడు పర్యవేక్షకుడు. యంత్రము పదిశాతమన్నది గనుక గ్రంథము చదువనక్కరలేదని సంతకము చేయువాడు తన జీతమునకు న్యాయము చేయుట లేదని నా అభిప్రాయము.

విద్యార్థి వైపునుండి వచ్చు భయము మరియొకటి కలదు. "నా గ్రంథము ఉచితముగా దొరకుచుండగా ఏ ప్రచురణకర్త పుస్తకముగా వేయును?" అని. ఇది వట్టి భయము కాదు. అమెరికాలోని చరిత్రకారుల సంఘము 2013లో, కోరిన విద్యార్థి గ్రంథమును ఆరేండ్లవరకు ఇంటర్నెట్టున మరుగుపరచి యుంచుటకు విశ్వవిద్యాలయములు అనుమతింపవలెనని ప్రకటించినది. అనేకులు దానిని వ్యతిరేకించిరి. క్రొత్త యంత్రమునో మందునో కనుగొన్న విద్యార్థి విషయమున మాత్రము ఆపుట న్యాయమే. పేటెంటు దరఖాస్తునకు ముందే విషయము లోకమునకు వెల్లడియైనచో క్రొత్తదనము పోయి హక్కు చిక్కులలో పడును. చరిత్రకును సాహిత్యమునకును అట్టి బాధ లేదు. ఆరేండ్లు దాచిన చరిత్ర ఆరేండ్లు ఎవరికిని పనికిరాని చరిత్ర. తెలుగులో సిద్ధాంతగ్రంథమును చాలవరకు వ్రాసినవారే అప్పుచేసి అచ్చువేసికొని, ప్రతులను స్నేహితులకు పంచిపెట్టుదురు. వారికి పోవు లాభమేమున్నది?

శోధగంగయందు ఉంచినంతమాత్రమున గ్రంథస్వామ్యము పోదని గూడ తెలిసికొనవలెను. 1957 నాటి చట్టము ప్రకారము రచయితయే మొదటి స్వామి. ఆ హక్కు అతని జీవితకాలమును, ఆపైన అరువదియేండ్లును నిలుచును. పోవునది వేరొకచోట. గ్రంథములోని అధ్యాయమును పత్రికకు పంపునపుడు కాగితములు చదువక సంతకము చేసి, హక్కులన్నియు పత్రికవారికి ధారపోసి, తరువాత తన అధ్యాయమును తన గ్రంథములోనే చేర్చుటకు వారిని అనుమతి యడుగవలసిన స్థితి తెచ్చుకొందురు. పొలము పత్రముపై వేలిముద్ర వేయుటకు ముందు పదిమందిని విచారించు మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

ఈ పత్రికల కథ మరియొక విచారము. 2016 నిబంధనలు, గ్రంథసమర్పణకు ముందే ఒక వ్యాసమైనను పత్రికలో ప్రకటింపవలెనన్నవి. ఉద్దేశము మంచిదే. కాని సొమ్ము పుచ్చుకొని ఏది పంపినను అచ్చువేయు పత్రికలకు అది పంటకాలమైనది. వానిని వడకట్టుటకు యు.జి.సి. మంచిపత్రికల పట్టిక యొకటి సిద్ధము చేయించినది. 2022లో వ్యాసము తప్పనిసరి యను నిబంధనను తొలగించిరి. 2025లో ఆ పట్టికను గూడ నిలిపివేసిరి. కనుక ఇప్పుడు మనుమడు వచ్చి "తాతా, వ్యాసము అచ్చువేయుటకు ఇన్నివేలు కావలెను, లేకున్న పట్టము రాదు" అన్నచో, అది యు.జి.సి. నియమమా, ఆ విశ్వవిద్యాలయపు సొంత నియమమా, మధ్యనున్న దళారి నియమమా అని ఒక్కమాట అడుగుడు. గ్రంథమునే సొమ్మిచ్చి వ్రాయించుకొను మాట యెత్తినచో డబ్బు ఇయ్యకుడు.

ఇక మనకు సంబంధించిన పాలు చెప్పెదను. కరవును గూర్చియు, బావులెండుటను గూర్చియు, వలసలను గూర్చియు, అప్పులబాధతో ప్రాణము తీసికొన్న రైతులను గూర్చియు పరిశోధన చేయువారు మన పల్లెలకు వచ్చుచుందురు. అరుగుమీద కూర్చుండి పేరు, కులము, భూమి, అప్పు, ఇంటిలో చనిపోయినవారి వివరము వ్రాసికొందురు. మనమును మజ్జిగయిచ్చి చెప్పుదుము. పూర్వమైనచో ఆ వ్రాత బీరువాలో పడియుండెడిది. ఇప్పుడది లోకమంతటికిని తెఱచియుండును. అప్పిచ్చిన సావుకారు చూడవచ్చును. సంబంధము కలుపుకొనవచ్చిన వియ్యంకుడు చూడవచ్చును. చనిపోయినవాని కొడుకు పెద్దవాడై తన తండ్రి కథను తెలియనివాని వ్రాతలో చదువవచ్చును.

ఈ సీమకు ఇట్టి అనుభవము క్రొత్తది కాదు. 1800లో నైజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చిన తరువాత, కర్నల్ మెకంజీ దొర మనుష్యులు ఊరూర తిరిగి గ్రామచరిత్రలు వ్రాయించిరి. అవియే కైఫియతులు. కరణములును పెద్దలును చెప్పినదానిని కూర్చిన పనిలో మెకంజీకి కుడిభుజములు కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య యను తెలుగు సోదరులు. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరగా, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారు అంగీకరింపలేదు. ఆ భాండారమునకు నేటికిని మెకంజీ పేరే. సేకరించిన లక్ష్మయ్యకే ఆ గతి పట్టినపుడు, ఇంటింట చెప్పిన ముసలమ్మల పేర్లు ఎవరికి కావలెను? అయినను ఆ కైఫియతులే లేకున్న మన ఊళ్ల చరిత్ర సగము మాసిపోయియుండెడిది. చెప్పుట మానవలెనని నా మాటకు అర్థము కాదు.

వైద్యారోగ్య పరిశోధన విషయమున భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నీతినియమములు స్పష్టముగా నున్నవి. మనిషికి అర్థమగు భాషలో ముందు వివరము చెప్పవలెను, అతడు ఇష్టపడినగాని అడుగరాదు, నడుమ వద్దన్నచో విడిచిపెట్టవలెను, గుట్టు కాపాడవలెను. ఈ ధర్మము చరిత్ర వ్రాయువానికిని, పాటలు సేకరించువానికిని వర్తింపవలసినదే. ఇందొక మెలిక కలదు. అప్పుల గాథ చెప్పినవాని పేరు దాచుట ధర్మము. అదే తరతరాల పాటను నోటనిలుపుకొని పాడియిచ్చిన తల్లి పేరు దాచుట చౌర్యము. ఒకరికి మఱుగు మర్యాద, మరియొకరికి పేరు మర్యాద. ఏది ఎవరికి కావలెనో తెలిసికొనుటకు వారినే అడుగుట తప్ప వేరు మార్గము లేదు.

కాబట్టి ఈసారి ఎవరైనను కాగితము, కలము, ఫోను పట్టుకొని మన అరుగెక్కినచో మజ్జిగ యిచ్చిన పిమ్మట నాలుగు మాటలడుగుడు. ఏ విశ్వవిద్యాలయము, పర్యవేక్షకులెవరు? వ్రాసినది ఇంటర్నెట్టున పెట్టుదురా? మా పేరు వ్రాయుదురా, మార్చుదురా? మా ఊరి పేరు మార్చక మా పేరు మాత్రము మార్చినచో ఇరుగుపొరుగువారు గుర్తుపట్టరా? ముగిసిన తరువాత మాకు చదివి వినిపింతురా? మంచి పరిశోధకుడు ఈ ప్రశ్నలకు కోపింపడు, సంతోషించి వ్రాసికొనును. ఇదివరకే చెప్పియున్నవారు ఇంటిలోని పిల్లవానిచేత శోధగంగను తెఱపించి, మన మండలము పేరును, అడిగిపోయినవారి పేరును వెదకించుడు. దొరకినచో మనలను గూర్చి వ్రాసిన పుటలు చదివించుకొనుడు. తప్పున్నచో పుటసంఖ్యతో సహా ఒక ఉత్తరము ఆ పరిశోధకునికి వ్రాసి, నకలు విశ్వవిద్యాలయమునకు పంపుడు. తేదీ వేయుట మరువకుడు.